అరవై ఒకటో పేరు

ఆర్వల్ కెల్సెన్ ముప్పై ఏడేళ్లు కాటా దగ్గర పనిచేశాడు. టోర్‌విక్ ఊరి సహకార సంఘం వాళ్ల ధాన్యం గోదాముల ముందు, లారీకి లారీ ఎక్కి నిలబడే పెద్ద కాటా అది. కోతల రోజుల్లో మొక్కజొన్న లారీలు రోడ్డు మలుపు దాకా బారులు తీరేవి. నిండుగా వచ్చినప్పుడు ఒకసారి, దింపుకుని పోయేటప్పుడు ఇంకోసారి తూచి, తేడా ఎంతో చీటీ మీద రాసిచ్చేవాడు. ఆ చీటీని రెండోసారి చూసుకున్న రైతు లేడు.

వచ్చేటప్పుడు డ్రైవరు పక్కన కూర్చున్న కుక్క పోయేటప్పుడు కనిపించకపోతే, గది కిటికీ తీసి, "కుక్క ఏదయ్యా?" అని అడిగేవాడు.

"గోదాము వెనక ఎలుకల్ని తరుముతోంది."

"పిలువు. ఎక్కించు. అప్పుడు తూస్తా. కుక్కని మొక్కజొన్న లెక్కలో కొనదు సంఘం."

రైతులు నవ్వుకునేవాళ్లు, విసుక్కునేవాళ్లు, ఈల వేసి కుక్కను పిలిచేవాళ్లు. ఎవరూ ఎదురు చెప్పింది లేదు. అదే కిటికీ రేపు తమ వెనక వచ్చే లారీని కూడా అలాగే అడుగుతుందని వాళ్లకు తెలుసు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. దాని వెనక చెప్పుకోదగ్గ కథేమీ లేదు. అడగాల్సిన వేళ అడగలేదు, అంతే. తల్లి పోయాక లూథరన్ చర్చి వెనకున్న ఇంట్లో ఒక్కడే మిగిలాడు. పొద్దున లేచి కాఫీ, రేడియోలో వాతావరణం, ధాన్యం ధరలు. ఉద్యోగం మానేశాక కూడా ధరలు వినడం మానలేదు. మధ్యాహ్నం సందు చివరి కెఫేలో కూర్చునేవాడు. మాట్లాడేవాళ్ల మాటలు వినేవాడు, తగవులొస్తే ఇద్దరికీ తలూపేవాడు. "ఆర్వల్ ఏ పక్కో దేవుడికి కూడా తెలీదు" అని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆ మాట ఆయన చెవిన పడింది. లోలోపల సంతోషించాడు కూడా.

ఆయనకంటూ ఉన్న మనిషి వినీ స్టోల్ట్స్. ఇద్దరి ఇళ్ల వెనక గుమ్మాలకీ మధ్య ఒక సందు. భర్త పోయి పన్నెండేళ్లయింది. వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం షిఫ్టు ఆమెది. మంచాన ఉన్నవాళ్లను పక్కకు తిప్పడం, తినిపించడం, తుడవడం, పడుకోబెట్టడం. ఆదివారం మాత్రం సెలవు. చర్చి అయ్యాక రెండింటికి ఆర్వల్ వంటింటికి వచ్చి కూర్చునేది. ఇద్దరూ చిల్లుల పలక మీద పుల్లలు జరుపుతూ క్రిబేజ్ అనే పేకాట ఆడేవాళ్లు. ఆమె మాట్లాడేది, ఆయన వినేవాడు. వారంలో ఆయన నోటి నుంచి వచ్చిన మాటల్లో సగం ఆ రెండు గంటల్లోనే వచ్చేవి.

నాలుగేళ్లకోసారి జనవరి చలిలో ఊరికి ఎక్కడలేని సందడి వచ్చేది. దేశాధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టాలో చెప్పడం వాళ్ల రాష్ట్రంలోనే మొదలయ్యేది. దాన్ని కాకస్ అంటారు. ఓటు కాగితం లేదు, పెట్టె లేదు. మనిషే ఓటు. సాయంత్రం ఏడింటికి పేటలోని పార్టీ వాళ్లంతా బడి ఆటల హాల్లో చేరి, సంతకం పెట్టి, తమకు నచ్చిన అభ్యర్థి పేరున్న మూలకు పోయి నిలబడతారు. తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను మందైనా లేని గుంపు చెదిరిపోవాల్సిందే. ఆ గుంపు వాళ్లు మరో మూలకు పోవాలి, లేదా ఇంటికి పోవాలి. మిగిలిన గుంపులకు వాటి బలాన్ని బట్టి పై స్థాయి పార్టీ సభకు పోయే ప్రతినిధులను పంచుతారు.

టోర్‌విక్‌లో ఆ సభ నడిపేది ఆర్వల్. ఇరవై నాలుగేళ్లు, ఆరు సభలు. ముందు నడిపిన పంతులమ్మ చనిపోయినప్పుడు, "లెక్క కదా, కాటా ఆర్వల్‌కి అప్పజెబుదాం" అన్నారు అందరూ. నడిపేవాడు కూడా ఏదో ఒక మూలకు పోయి నిలబడొచ్చు, నియమాల్లో అడ్డేమీ లేదు. కానీ ఆయన ఎప్పుడూ నిలబడలేదు. అందరికంటే ముందు వచ్చి, జాబితాలో మొదటి సంతకం పెట్టి, హాలు మధ్యలో లెక్కల బల్ల దగ్గర ఉండిపోయేవాడు.

ఏడో సభకు ముందు ఆదివారం వినీ ముక్కలు పంచుతూ పంచుతూ ఆగింది.

"నా డ్యూటీ రెండింటికి. నీ సభ ఏడింటికి. ఆ సాయంత్రం ముప్పై ఒక్క మంది ముసలాళ్లకి మేం ఇద్దరం. ఎవర్ని వదిలేసి రమ్మంటావ్?"

"సెలవడిగి చూడు."

"అడిగా. మా సూపర్‌వైజరు నవ్వింది. ఆ నవ్వు నువ్వు చూడాల్సింది."

"మనిషి అక్కడ ఉండాలి వినీ. అది రూలు."

"రూలు నాకూ తెలుసు. విస్కాన్సిన్‌లో మా చెల్లెలు పనికి పోతూ పోతూ కాగితం మీద గుర్తేసి పోతుంది. నాలుగు నిమిషాలు. దానికి మోకాళ్లూ బాగున్నాయి, ఓటూ ఉంది. నాకు రెండూ లేవు."

ఆర్వల్ తన ముక్కలు సర్దుకున్నాడు.

"చీటీ రాసిస్తా" అంది వినీ. "నా పేరు, నా సంతకం. టెస్ బ్రాడిగన్‌కి అని. జేబులో పెట్టుకెళ్లు."

"చీటీ నిలబడదు కదా."

"నేనూ నిలబడలేను. అదేగా గొడవ!" అంది వినీ. తర్వాత నవ్వేసింది. "సర్లే, నీ మొహం అలా పెట్టకు. ఆట నీదే, వెయ్యి."

టెస్ బ్రాడిగన్ అభ్యర్థుల్లో పెద్దగా పేరు లేనామె. పేపర్లలో మూడో పేజీలో ఉండేది. ముసలివాళ్లను చూసుకునే ఆయాల గురించి, వాళ్ల నడుం నొప్పుల గురించి, వాళ్ల జీతాల గురించి మాట్లాడేది. రెండు నెలలుగా ప్రతి ఆదివారం వినీ నోట ఆమె మాటే. వినగా వినగా ఆర్వల్‌కు కూడా ఆ మనిషి మీద గురి కుదిరింది. మిగతావాళ్ల ప్రసంగాలు రేడియోలో విన్నాడు. బ్రాడిగన్ మాటే తూగింది. ఆ సంగతి వినీకి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

సభ రోజు సాయంత్రం చలి ఎముకలు కొరికింది. హాల్లోకి వచ్చినవాళ్లు వచ్చినట్టు బూట్ల మంచు దులుపుకుని, కోట్లు విప్పి కుర్చీల మీద వేశారు. ఎవరో హామ్ శాండ్‌విచ్‌లు తెచ్చారు, ఎవరో రూబార్బ్ పై అనే పులుపు కాడల తీపి రొట్టె తెచ్చారు. గోడ గడియారం ఏడు కొట్టగానే ఆర్వల్ తలుపు వేయించి జాబితా చూశాడు. అరవై ఒక్క పేర్లు.

"అరవై ఒక్క మందికి నూటికి పదిహేను వంతున తొమ్మిది మీద చిల్లర" అని బిగ్గరగా చెప్పాడు. "చిల్లర వస్తే పైకి సరిచేయాలి. గుంపుకి పది మంది ఉండాలి."

జనం మూలలకు సర్దుకున్నారు. గవర్నర్ మార్లో మూల పెద్దది. సెనేటర్ హాస్క్ మూల దాని కంటే కాస్త చిన్నది. బాస్కెట్‌బాల్ స్తంభం కింద బ్రాడిగన్ బోర్డు పట్టుకుని జోలీన్ వావ్రా నిలబడింది. జోలీన్ బడి బస్సు నడుపుతుంది. నలభై ఏళ్లుంటాయి, గొంతు పెద్దది. ఆర్వల్ ఒక్కో మూలకూ పోయి, ఒక్కో మనిషినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. రెండుసార్లు. మార్లోకి ఇరవై ఏడు. హాస్క్‌కి ఇరవై నాలుగు. బ్రాడిగన్‌కి తొమ్మిది.

"తొమ్మిది" అన్నాడు. "ఒకళ్లు తక్కువ."

జోలీన్ మిగతా మూలల వైపు తిరిగింది. "ఒక్కళ్లు! ఒక్కళ్లు రండర్రా! మార్లోకి ఇరవై ఏడు మంది ఎందుకు, ఆయనేమైనా బరువా మొయ్యటానికి?"

నవ్వులు వినిపించాయి. ఎవరూ కదల్లేదు. అప్పుడామె హాలు మధ్యకు చూసింది.

"ఆర్వల్ గారూ. మీరు రండి."

"నేను సభ నడుపుతున్నా, జోలీన్."

"నడిపేవాళ్లు నిలబడకూడదని ఎక్కడుంది? పుస్తకం తియ్యండి, చూద్దాం."

"లేదు. ఎక్కడా లేదు."

"మరి మీరు మనిషి కాదా? సంతకం పెట్టలేదా?"

"తూచేవాడు కాటా ఎక్కకూడదమ్మా" అన్నాడు ఆర్వల్.

హాస్క్ మూల నుంచి డేల్ క్రోగ్‌మన్ అనే రైతు చప్పట్లు కొట్టాడు. "అదీ మాట! మా కుక్కని ఎక్కిస్తే గానీ తూచని మనిషి!" మార్లో మూల వాళ్లు కూడా చప్పట్లు కలిపారు. ఆర్వల్ చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పాలంటే, ఆ క్షణం ఆయనకు బాగానే ఉంది.

జోలీన్ బోర్డు దించింది. ఆమె గుంపులో నలుగురు మార్లో వైపు పోయారు. ముగ్గురు హాస్క్ వైపు పోయారు. ఒక ముసలాయనా, జోలీనూ కోట్లు తొడుక్కున్నారు. గుమ్మం దాటేటప్పుడు ఆమె వెనక్కి చూడలేదు. ఆర్వల్ మళ్లీ లెక్కపెట్టాడు. ఆరుగురు ప్రతినిధుల్లో మార్లోకి ముగ్గురు, హాస్క్‌కి ముగ్గురు. ఫోన్‌లో ఫలితం చెప్పాడు, కుర్చీలు మడతపెట్టించాడు, మిగిలిన తీపి రొట్టె ముక్క కాగితంలో చుట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున కాఫీ పెట్టుకుని సభ కాగితాల నకళ్లు ముందేసుకున్నాడు. కాటా దగ్గర కూడా అంతే. నిన్నటి చీటీలు ఇవాళ మళ్లీ కూడితే గానీ ఆయనకు రోజు మొదలయ్యేది కాదు. ఇరవై ఏడు, ఇరవై నాలుగు, తొమ్మిది. అరవై. జాబితాలో అరవై ఒకటి. ఆ ఒక్కడూ తనేనని ఆయనకు తెలుసు. ఇరవై నాలుగేళ్లుగా ప్రతి సభలోనూ మూలల కూడిక జాబితా కంటే ఒకటి తగ్గేది. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ పొద్దున ఎందుకో పెన్సిలు తీసి, అరవైకి నూటికి పదిహేను ఎంతో వేశాడు.

తొమ్మిది. చిల్లర లేదు. సరిగ్గా తొమ్మిది.

మళ్లీ వేశాడు. కాగితం తిప్పి ఇంకోసారి వేశాడు. ఆయన సంతకం పెట్టకపోయి ఉంటే తొమ్మిది మంది చాలు. సంతకం పెట్టి ఆ మూలకు పోయి ఉంటే పది మంది అయ్యేవాళ్లు, అదీ చాలు. సంతకం పెట్టి మధ్యలో నిలబడ్డాడు కాబట్టి చాలలేదు. కాటా ఎక్కలేదని చప్పట్లు కొట్టించుకున్న మనిషి ఆ సాయంత్రమంతా దాని మీదే నిలబడి ఉన్నాడు. ఆరుగురు ప్రతినిధులను అరవై మందికి పంచి చూస్తే మార్లోకి ముగ్గురు, హాస్క్‌కి ఇద్దరు, బ్రాడిగన్‌కి ఒకరు. ఆ ఒక్కరు ఇప్పుడు హాస్క్ లెక్కలో ఉన్నారు.

కాఫీ చల్లారిపోయింది. రేడియో వాడు ధాన్యం ధరలు చదివి, ఆపేసి, పాటలు వేశాడు. ఆయన లేవలేదు.

బుధవారం పొద్దున కౌంటీ ముఖ్యపట్టణానికి కారు నడుపుకుంటూ పోయాడు. కౌంటీలో పార్టీ పెద్ద లాండన్ ఈక్ అనే పళ్ల డాక్టరు. రోగికీ రోగికీ మధ్య దొరికిన పది నిమిషాల్లో ఆర్వల్ కాగితాలు పరిచి చూపించాడు. డాక్టరు కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"మీరు హాజరయ్యారా?"

"అయ్యాను."

"సంతకం పెట్టారా?"

"పెట్టాను."

"ఏ గుంపులోనూ చేరకుండా ఉండే హక్కు మీకుందా?"

"ఉంది."

"మరి తప్పెక్కడుందండీ? మొత్తం అరవై ఒకటే. పదే కావాలి. నేనైనా అదే చెప్పేవాణ్ణి."

"తొమ్మిది మంది మాట పోయింది."

"పోయింది. పాపం. కానీ తప్పు లేని చోట దిద్దేదేముంది?" డాక్టరు మంచివాడు, లేచి భుజం తట్టాడు. "ఇంత నిజాయితీగా ఎవరుంటారు చెప్పండి. ఇంటికెళ్లి హాయిగా పడుకోండి."

తిరుగు దారంతా మంచు కప్పిన చేలు. తప్పని ఎవరైనా అనుంటే బాగుండేదని ఆర్వల్‌కు అనిపించింది. తప్పంటే దిద్దుకోవచ్చు, జరిమానా కట్టొచ్చు, రాజీనామా ఇవ్వొచ్చు. ఏ నియమమూ తప్పలేదు కాబట్టి అది ఎవరూ తీసుకోని బరువైపోయింది. ఆయన దగ్గరే ఉండిపోయింది.

గురువారం నుంచి ఆ తొమ్మిది మంది ఇళ్లకూ పోవడం మొదలుపెట్టాడు. ఎందుకు పోతున్నాడో ఆయనకు పూర్తిగా తెలియదు. వాళ్లకు తెలియాలి, అంతవరకే తెలుసు.

మొదటి ఇల్లు సభ మధ్యలోనే ఇంటికి పోయిన ముసలాయనది. గుమ్మంలోనే చెప్పాడు. ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"అయితే మేం గెలిచామా?"

"గెలవాల్సింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడేం లేదు."

"మరి ఈ చలిలో ఇది చెప్పటానికొచ్చావా?" అని ముసలాయన తలుపు సగం మూశాడు. మళ్లీ తెరిచాడు. "జారతావ్, మెట్లు చూసుకో."

పాలకేంద్రంలో పనిచేసే మొగుడూ పెళ్లాలకు అసలా సంగతే పట్టలేదు. "మేం మార్లోకి మారాం కదండీ. ఆయనా మంచోడే" అన్నారు. కాఫీ ఇచ్చారు. కాలేజీకి పోయే ఒక పిల్ల వింటూ వింటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అది ఆమె మొదటి సభ. "నేనింక రాను" అంది. ఆ మాట ఆర్వల్‌ను రెండు రోజులు వదల్లేదు. ఒకావిడ తలుపే తియ్యలేదు. కర్టెను కదిలింది, అంతే. ఇంకొకాయన పెద్దగా నవ్వి, "కాటా ఆర్వల్ కూడా తప్పు తూచాడని కెఫేలో చెప్పాలి" అన్నాడు. చెప్పాడు కూడా.

శనివారం జోలీన్ ఇంటికి పోయాడు. ఆమె గరాజులో బస్సు అద్దాల వైపర్ బ్లేడ్లు మారుస్తోంది. పని ఆపకుండానే చివరి దాకా విన్నది.

"ఆ సాయంత్రమే మీకు ఈ సంగతి తెలుసా?"

"తెలీదు."

"మీకు తెలీకపోవటమేంటి ఆర్వల్ గారూ? ఊళ్లో తెలియాల్సిన మనిషి మీరొక్కరే కదా!"

ఆమె రెండో బ్లేడు ఊడదీసింది.

"నాకు మీ మీద కోపం ఒక్క ఓటు పోయినందుకు కాదు" అంది ఆమె, పాత బ్లేడు చెత్తబుట్టలో పడేస్తూ. "అందరూ చప్పట్లు కొడుతుంటే మీరు మురిసిపోయారు చూడండీ, అందుకు."

"అవును" అన్నాడు ఆర్వల్. "మురిసిపోయాను."

ఆ మాటకు జోలీన్ తలెత్తి చూసింది. ఆయన గేటు దాకా పోయాక, "పొరపాటైందని చెప్పుకోడానికి ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి ఈ ఊళ్లో నేనింకొకణ్ణి చూళ్లేదు. అది కూడా చెప్తున్నా" అని కేకేసింది.

ఆదివారం రెండింటికి వినీ వచ్చింది. కోటు విప్పలేదు. ఆ కోటుతోనే కుర్చీలో కూర్చుంది. కెఫే మాట సందు దాటి ఆమె ఇంటికీ వచ్చిందని ఆర్వల్‌కు అర్థమైంది. అయినా మొదటి నుంచీ చెప్పాడు, కాగితాలు కూడా చూపించాడు. ఆమె కాగితాల వైపు చూడలేదు.

"నేనొచ్చి ఉంటే?"

"అరవై రెండు మంది. అప్పుడూ పదే కావాలి. నీతో పది అయ్యేవాళ్లు."

"అంటే నేనైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి. ఇద్దర్లో ఒకళ్లు చాలు."

"చాలు."

"సోమవారం సాయంత్రం ఏడింటికి నేను ఓఫైమ్ ముసలమ్మని పక్కకి తిప్పుతున్నా. వీపంతా పుండ్లు పాపం, చెయ్యి వదిలితే ఏడుస్తుంది. అందుకు రాలేదు." ఆమె చేతులు బల్ల మీద పెట్టుకుంది. ఆ వేళ్లు ఎప్పుడూ సబ్బుకు తెల్లబడి ఉంటాయి. "నువ్వెక్కడున్నావ్ ఆర్వల్?"

"అక్కడే ఉన్నా."

"హాల్లోనే."

"హాల్లోనే."

వినీ బల్ల మీది కాగితాలు పక్కకు జరిపింది.

"ఒక్కటడుగుతా. నిజం చెప్పు. నీకెవరు కావాలనిపించింది?"

ఆయన కిటికీ వైపు చూశాడు. అబద్ధం చెప్పే అలవాటు లేదు. చెప్పకుండా ఉండే అలవాటు మాత్రం ఉంది. ఇరవై నాలుగేళ్లుగా, ఇంకా ముందు నుంచీ. అది ఆ వేళ పనికి రాలేదు.

"బ్రాడిగన్" అన్నాడు.

వినీ ముఖంలో కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఎవరో పెద్ద వయసు మనిషి మంచం మీంచి జారుతుంటే చూసినప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

"రెండు నెలలు" అంది మెల్లగా. "ప్రతి ఆదివారం. నేను గోడతో మాట్లాడుతున్నాననుకున్నా. నువ్వు నా పక్కనే ఉన్నావా?"

"ఉన్నా."

"మరి చెప్పలేదేం?"

"అలవాటు లేదు."

ఆమె లేచింది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "ఒంటరిగా ఉండటం నాకూ తెలుసు. కానీ నువ్వు పక్కన మనిషిని పెట్టుకుని కూడా ఉంటావ్. అది నావల్ల కాదు" అంది. అరిచి చెప్పలేదు. మామూలుగా, రేపు చలి ఎక్కువట అన్నట్టు చెప్పింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆదివారం షిఫ్టు కూడా ఒప్పుకున్నానని సందులో కనబడ్డప్పుడు చెప్పింది. అది నిజమే అయ్యుండొచ్చు. వసంతం వచ్చింది, మంచు కరిగింది, ఆమె వెనక గుమ్మంలో పూలకుండీలు పెట్టింది, ఎదురైతే చెయ్యి ఊపేది. ఆర్వల్ రెండుసార్లు ఆమె తలుపు దాకా వెళ్లాడు. ఒకసారి తట్టాడు కూడా. గుమ్మంలో నిలబడే మాట్లాడింది, లోపలికి రమ్మనలేదు, కానీ తొందరపెట్టనూ లేదు. పక్కింటి పిల్లి గురించి మాట్లాడుకున్నారు. రెండో ఏడు ఆమె మోకాళ్లు పూర్తిగా మొరాయించాయి. ఇల్లు అమ్మేసి విస్కాన్సిన్‌లో చెల్లెలి దగ్గరికి పోయింది. సామాను ఎక్కించేటప్పుడు ఆర్వల్ మంచం ఒక కొస పట్టుకున్నాడు. "ఆరోగ్యం జాగ్రత్త" అంది. "నువ్వూ" అన్నాడు. క్రిస్మస్‌కు ఒక కార్డు వచ్చింది, కింద పేరు మాత్రమే రాసి. ఆమె ఇంట్లోకి వచ్చిన కొత్త కుటుంబం సందు వైపు కంచె వేసుకుంది.

సభ నడపడం ఆయన ఆ వసంతంలోనే మానేశాడు. డాక్టరు ఈక్ వద్దన్నాడు, కెఫేలో కొందరు వద్దన్నారు. "జోలీన్‌కి ఇవ్వండి. ఆమెకి తప్పు కనబడితే గట్టిగా అరుస్తుంది. అదే కావాలి" అన్నాడు ఆర్వల్. ఆ మాట ఎవరి మనసులో ఎలా పడిందో గానీ ఆమెకే ఇచ్చారు.

నాలుగేళ్లు తిరిగి మళ్లీ జనవరి వచ్చింది. ఆయనకు డెబ్భై ఒకటి. హాల్లో అంతకు ముందు కంటే జనం ఎక్కువ. ఎనభై నాలుగు పేర్లు. ఆయన పేరు జాబితా మధ్యలో ఎక్కడో ఉంది. జోలీన్ బల్ల మీదికెక్కి, గొంతు చించుకుని నియమాలు చదివింది. "గుంపుకి పదమూడు! సంతకం పెట్టినవాళ్లు ఏదో ఒక చోట నిలబడండి. ఎవరూ వద్దనుకుంటే, వద్దనుకున్నవాళ్ల మూల కూడా ఒకటుంది, అక్కడ నిలబడండి. మధ్యలో మాత్రం ఎవరూ ఉండకూడదు!" ఆమె ఆర్వల్ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కాస్త కష్టపడుతున్నట్టు ఆయనకు కనిపించింది.

ఆ ఏడు ఆయనకు నచ్చిన మనిషి ఒక మాజీ న్యాయమూర్తి. రేడియోలో మూడుసార్లు విన్నాడు. నచ్చినట్టు కెఫేలో ఇద్దరికి చెప్పాడు కూడా. వాళ్లు కప్పులు కింద పెట్టి మరీ చూశారు. న్యాయమూర్తి పేరు రాసిన కాగితం మెట్ల పక్క గోడకు అంటించి ఉంది. దాని కింద ఎవరూ లేరు. డెబ్భై ఒక్కేళ్ల మనిషి అంత మంది చూస్తుండగా హాలు అడ్డంగా నడిచి పోయి దాని కింద నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాగితాల పలక పట్టుకోవడానికే అవి అలవాటు పడ్డాయి. కాసేపటికి కొత్తగా ఊళ్లోకి వచ్చిన ఒక భార్యాభర్తల జంట వచ్చి పక్కన చేరింది. ఆయన ఎవరో వాళ్లకు తెలియదు.

"మీరు ఎప్పుడూ వస్తారా?" అని భార్య అడిగింది.

"వస్తూనే ఉంటా. ఇలా నిలబడటం ఇదే మొదలు."

ఆమెకు అర్థం కాలేదు. అయినా నవ్వింది.

డేల్ క్రోగ్‌మన్ అవతలి మూల నుంచి కేక పెట్టాడు. "ఒరేయ్ ఆర్వల్, దారి తప్పావా?"

"లేదు డేల్. ఇక్కడికే వచ్చా."

జోలీన్ వేలు చూపిస్తూ వచ్చింది. ఒకటి, రెండు అని జంటను లెక్కపెట్టింది. ఆయన ముందుకు వచ్చి ఒక్క క్షణం ఆగింది.

"మూడు" అంది. రాసుకుంది. "పది మంది తక్కువ. మీకు పావుగంట ఉంది, మాట్లాడుకోండి."

జంట కాసేపు గుసగుసలాడుకుని, ఆయనకు చెప్పి, పెద్ద గుంపులోకి పోయింది. రెండు మూలల వాళ్లు వచ్చి ఆయన్ని కూడా పిలిచారు. మర్యాదగా విని, రాలేనన్నాడు. ఒక్కడే మిగిలాడు. పావుగంట అయ్యాక జోలీన్ మళ్లీ వచ్చింది.

"ఎటు పోతారు ఆర్వల్ గారూ?"

"ఎటూ పోను. ఆ న్యాయమూర్తే కావాలి నాకు."

"అలా ఉంటే మీకు లెక్కలో ఏమీ రాదు."

"తెలుసు. నేనూ చాలామందికి ఆ మాట చెప్పినవాణ్ణే."

ఆమె పెన్ను కాగితం మీద పెట్టి, ఆయన్ని చూసి, ఒకటి అని వేసింది. దానికి ఎదురుగా సున్నా వేసింది. వెళ్లిపోతూ, "శాండ్‌విచ్‌లున్నాయి, తినకుండా పోకండి" అంది.

ఆయన ఒక శాండ్‌విచ్ తిన్నాడు. కుర్చీలు మడతపెట్టేవాళ్లతో కలిసి నాలుగు మడతపెట్టాడు. కోటు తొడుక్కుని బయటికి వచ్చి కారు అద్దం మీది మంచు గీకాడు. ఇళ్లకు పోయేవాళ్లు గెలుపోటములు మాట్లాడుకుంటూ ఆయన పక్క నుంచి పోయారు. ఇలా జరిగిందని విస్కాన్సిన్‌కు ఉత్తరం రాయాలనుకున్నాడు. ఏమని మొదలుపెట్టాలో ఇంటి దాకా ఆలోచించాడు. రెండు మొదటి వాక్యాలు తట్టాయి, రెండూ బాగాలేవు. వంటింట్లో లైటు వేసి, కాగితం తీసి, "వినీకి" అని రాసి, మూడోది తట్టే దాకా కూర్చున్నాడు.